డాక్టరమ్మ నటన

"ముందు నువ్వు తిను డాక్టరమ్మా!" శ్రావ్య మూతి బిగించుకుని కూర్చుంది.

దవాఖాన బల్ల మీద రెండు పల్లీ గింజలున్నాయి. వేయించి, పొట్టు తీసినవి. పక్కనే, ఏమన్నా అయితే పొడవడానికి, రెండు ఇంజెక్షన్లు.

బాన్సువాడలో పల్లీని చూసి వణికే ఇల్లు ఏదంటే రాజేంద్రప్రసాద్ ఇల్లే. ఒకటో తరగతిలో ఎవరో పెట్టిన పల్లీపట్టీ కొరికి ఆయన కూతురు శ్రావ్యకు పెదాలు వాచి, ఊపిరాడక, బతకడమే కష్టమైంది. అప్పట్నుంచి బడిలో ఒక్కతే ఓ మూల కూర్చుని అన్నం తింటుంది. ఎవరైనా పెళ్లికి పిలిస్తే చాలు, తల్లి లక్ష్మీకుమారికి గుండె దడ.

అలాంటి పిల్లకు పల్లీతోనే వైద్యం అన్నప్పుడు రాజేంద్రప్రసాద్ ససేమిరా అన్నాడు. "నానో రేణువులా? నానో అంటే కారు కదండీ?"

డాక్టర్ ప్రేమలత పకపకా నవ్వింది. "కారు గాదన్నా. పల్లీల ఒంటికి పడనిది ఒకటుంటది గద, దాన్ని కంటికి కనవడనంత సన్న రేణువుల్ల చుట్టి కొద్దికొద్దిగ మింగిస్తం. ఒళ్లు దాన్ని దొంగ అనుకోకుంట, మెల్లగ చుట్టం లెక్క చూస్తది. హైదరాబాద్‌ల మా పెద్ద డాక్టర్లు ఎలుకల మీద చూసిండ్రు. మనుషులకు ఇప్పుడే మొదలైంది."

"ఎలుకల తర్వాత మా పిల్లేనా?" లక్ష్మీకుమారి ఏడ్చినంత పని చేసింది.

"ఒక్కదాన్నే ఎందుకు తిననిస్త అక్కా? నేను గూడ తింట."

అన్న మాట నిలబెట్టుకుంది మహాతల్లి! వారం వారం శ్రావ్యకో పొట్లం, తనకో పొట్లం. కళ్లు గట్టిగా మూసుకుని మింగేది. తర్వాత శ్రావ్య పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. నర్సు వచ్చి ఇద్దరి నాడీ చూసి పోయేది. శ్రావ్యకు అదో ఆట.

"ఏం నటన లక్ష్మీ! నిజంగా భయపడ్డట్టే చేస్తుంది," అని ఇంటికెళ్లాక రాజేంద్రప్రసాద్ మురిసిపోయేవాడు. "ఆవిడ పొట్లంలో వట్టి గోధుమపిండే ఉండుంటుంది."

ఒకసారి ఆవిడ మెడ మీద ఎర్రగా దద్దుర్లు కనిపించాయి. "కాలువ దోమలక్కా, ఏం జెయ్యాలె," అంది. నిజమేగా, నిజాంసాగర్ కాలువ పక్క దోమలు ఎవర్ని వదిలాయి గనక!

ఒక్క సంగతే లక్ష్మీకుమారికి మింగుడుపడేది కాదు. ఎంత ప్రేమగా గారెలు వండి తెచ్చినా డాక్టరమ్మ ముట్టదు. తండాలో తల్లి కాల్చిన జొన్నరొట్టె తప్ప ఇంకేదీ తినదు. "తండా పిల్లని మనం తక్కువగా చూస్తామనుకుంటోందేమోనండీ," అని ఆవిడ బాధ.

ఇవాళ పొట్లాలు లేవు, నిండు గింజే. ఇది ఒంటికి పడితే శ్రావ్య పదిమందితో కలిసి తినొచ్చు.

ప్రేమలత గింజ అందుకుంది. బల్ల మీది ఇంజెక్షన్ల వైపు ఓసారి చూసుకుంది. "ఇగ చూడు బిడ్డా!" కళ్లు మూసుకుని నమిలి మింగింది. శ్రావ్య కిలకిలా నవ్వి తనూ నోట్లో వేసుకుంది.

లక్ష్మీకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతుర్నే చూస్తూ కూర్చుంది. పెదాలు వాయలేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. గండం గడిచిందని నర్సు కూడా నవ్వింది.

"అమ్మా, పల్లీ ఇంత కమ్మగుంటదా!" అంది శ్రావ్య.

లక్ష్మీకుమారి భోరుమని ఏడుస్తూ డాక్టరమ్మను వాటేసుకుంది. "నీ రుణం ఎట్లా తీర్చుకోనమ్మా!"

అప్పుడే రొట్టెల డబ్బాతో ప్రేమలత తల్లి జమునాబాయి లోపలికొచ్చింది. లక్ష్మీకుమారి ఎదురెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. "బంగారంలాంటి కూతుర్ని కన్నావమ్మా! మా పిల్లకి ధైర్యం రావాలని తనూ పల్లీ తిన్నది!"

డబ్బా దబ్బున కింద పడింది. జమునాబాయి ఒక్క ఉరుకున వెళ్లి కూతురి మొహం, మెడ తడిమి తడిమి చూసింది.

"ఏం గాలే యాడీ," అంది ప్రేమలత, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ.

జమునాబాయి లక్ష్మీకుమారి వైపు తిరిగింది.

"మా పిల్లకు గూడ పల్లి పడదమ్మా."