చెరపడం ఆరో రోజు

సూరయ్య గారు పనసకాయ తొడిమ మీద కత్తి వేసిన క్షణంలోనే ఫ్లాషు వెలిగింది.

అప్పుడే తెల్లవారుతోంది. ఆయన ఒక చేతిలో కత్తి, రెండో చంకలో సువార్తమ్మ టీచరు గారి కాయ. పొట్టు కొట్టడానికి సరిగ్గా సరిపోయే లేత కాయ. కొమ్మ గోడ దాటి వీధిలోకి వాలింది నిజమే గానీ, ఆ చెట్టు కాయలు ఆవిడ రోజూ లెక్కపెట్టుకుంటారని ఊరందరికీ తెలుసు.

వీధిలో మోపెడ్ మీద క్రాంతికుమార్ కనిపించాడు. అతనికి కొత్తపేటలో చిన్న ఫొటో స్టూడియో ఉంది.

"బాగా పడ్డారండి," అని నవ్వి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం సూరయ్య గారింట్లో పనసపొట్టు కూర వండారు. "కాయ అంబాజీపేట సంత నుంచేనా అండీ?" అని భార్య భవానీదేవి అడిగితే ఆయనకి పొలమారింది.

సాయంత్రం టీచరు గారే ఇంటికొచ్చారు.

"ఈ నెల్లో ఇది నాలుగో కాయండి. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక మా వాకిట్లో పంచాయితీ పెడుతున్నాను. పెద్దమనిషిగా మీరే కూర్చోవాలి. దొంగెవరో మీరే తేల్చాలండి."

"ఆయ్," అన్నారు సూరయ్య గారు. ఆయన నీటి సంఘం ప్రెసిడెంటు. ఊళ్ళో ఏ తగవొచ్చినా తీర్పు ఆయనదే. ఆ ఫొటో గనక ఆదివారం బయటపడితే, ఇక ఆ కుర్చీలో కూర్చునే ముఖం ఉండదు.

మర్నాడు కొత్తపేట స్టూడియో ముందు ఒక బోర్డు చూశారు. 'ఆరు రోజుల్లో డిజిటల్ ఫొటోగ్రఫీ. తియ్యడం, చూడడం, చెరపడం నేర్పబడును.'

కొబ్బరిపీచు కొన్నా గంటసేపు బేరమాడే మనిషి, అడిగిన ఫీజు అడిగినట్టు కట్టేశారు. నిన్నటిదాకా 'ఏరా అబ్బాయ్' అన్న నోటితోనే, "మాస్టారూ, చెరపడం ఎప్పుడండీ?" అని అడిగారు.

"చివరి పాఠమండి. శనివారం."

క్లాసులో మరో ముగ్గురున్నారు. రేషన్ డీలరు అమ్మిరాజు, కాంపౌండరు అంజిబాబు, ఇడ్లీ కొట్టు అచ్చాయమ్మ. అందరూ సూరయ్య గారి ఊరివాళ్ళే. ఫొటోల మీద ఇంత మోజు వీళ్ళకి ఎప్పుడు పుట్టిందో ఆయనకు అర్థం కాలేదు. అయినా అడగలేదు. అడిగితే ఎదురు అడుగుతారు.

మొదటి రెండు రోజులూ క్రాంతికుమార్ కెమెరా బయటికి తియ్యలేదు. నలుగురి చేతికీ నాలుగు సబ్బుపెట్టెలు ఇచ్చాడు.

"మోచేతులు డొక్కలకి ఆనించండి. ఊపిరి బిగబట్టండి. మీట సగమే నొక్కి ఆగండి. అచ్చాయమ్మ గారూ, అట్లు తిరగేస్తున్నట్టు ఆ ఊపేంటండి?"

"సబ్బుపెట్టెకి మీటెక్కడుంది నాయనా?" అందావిడ.

"ఉందనుకోవాలండి."

"అసలు కెమెరా చూపించరేంటండీ?" అన్నారు సూరయ్య గారు.

"చెయ్యి కుదరాలండి. లోపల ముఖ్యమైన ఫొటోలున్నాయి," అన్నాడు క్రాంతికుమార్. నలుగురూ ఒక్కసారే తలలు వంచుకుని సబ్బుపెట్టెల్లోకి చూశారు.

బుధవారం కెమెరా వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. సూర్యుడు మన వీపు వెనక ఉండాలని, మీట సగం నొక్కితే ఆకుపచ్చ దీపం వెలిగేదాకా ఆగాలని చెప్పాడు.

గురువారం మాస్టారు టీకి వెళ్ళినప్పుడు సూరయ్య గారు కెమెరా పట్టుకుని పెరట్లోకి నడిచారు. ఎప్పుడో బావమరిది పెళ్ళిలో ఎవరో కెమెరా వెనక తలుపు తెరిస్తే రీలంతా తెల్లబడి, పెళ్ళికి ఒక్క ఫొటో మిగల్లేదు. ఆ అనుభవంతో ఆయన అడుగున ఉన్న మూత తీసి, మిట్టమధ్యాహ్నపు ఎండకి పావుగంట ఎత్తి పట్టుకున్నారు.

"అప్పడాలు ఆరబెడుతున్నారాండీ?" వెనక నుంచి క్రాంతికుమార్ గొంతు.

"చెమ్మ పట్టిందేమోననీ..."

"ఎండ తగిలితే పోయేది రీలండి. ఇందులో ఉన్నది కార్డు. దీన్ని మీటతోనే చెరపాలి. శనివారం చెబుతాను కదండీ."

శనివారం వచ్చింది. చెత్తబుట్ట బొమ్మున్న మీట చూపించి, కెమెరా ఒక్కొక్కరి చేతికీ ఇచ్చాడు. అమ్మిరాజు తీసుకుని గోడవైపు తిరిగి నొక్కాడు. అంజిబాబు కిటికీ దగ్గరికెళ్ళి నొక్కాడు. అచ్చాయమ్మ దండం పెట్టుకుని మరీ నొక్కింది. చివరికి సూరయ్య గారి చేతికి వచ్చేసరికి మిగిలింది ఒకే ఒక్క ఫొటో. అంతా నలుపు.

క్లాసులో ఎవరో వేలు అడ్డం పెట్టి తీసినదని మాస్టారు అన్నాడు. సూరయ్య గారు నమ్మలేదు. కళ్ళజోడు సర్దుకుని చూస్తే ఆ చీకట్లో కత్తి కనిపించింది. చంకలో కాయ కనిపించింది. భుజం మీది తువ్వాలు అంచు కూడా కనిపించింది. గట్టిగా నొక్కారు.

తెర ఖాళీ అయ్యింది. నలుగురూ తేలికపడ్డ ముఖాలతో ఒకే ఆటోలో ఊరు చేరారు.

ఆదివారం పంచాయితీలో సూరయ్య గారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. "సాక్ష్యం లేనిదే ఎవర్నీ దొంగ అనకూడదండి. కాయ కోస్తుండగా తీసిన ఫొటో లాంటిదేమైనా ఉంటే చెప్పండి," అని క్రాంతికుమార్ వైపు తిరిగారు. "ఏమయ్యా, నీ దగ్గరుందా?"

"లేదండి," అన్నాడు అతను.

తగవు కొట్టేశారు. అమ్మిరాజు, అంజిబాబు, అచ్చాయమ్మ అందరికంటే ముందు తీర్పు బాగుందన్నారు.

జనం వెళ్ళాక టీచరు గారు క్రాంతికుమార్‌ని ఆపారు. అతను చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు.

"ఈ నెల్లో నాలుగుసార్లు చెట్టు కింద ఫ్లాషు వెలగడం కిటికీలోంచి నేను చూశాన్రా. ఎవరో మాత్రం కనబడలేదు. నా దగ్గర నేర్చుకున్న పాఠం ఇదేనా? ఫొటో లేదని నిండు పంచాయితీలో అబద్ధం ఆడతావా?"

"మీ దగ్గర చదివినవాణ్ణి, అబద్ధం ఎందుకాడతానండి టీచరు గారూ?" అన్నాడు క్రాంతికుమార్. "ఆ నాలుగుసార్లూ నా చేతిలో ఉన్నది ఒట్టి ఫ్లాషు లైటేనండి. ఈ డిజిటల్ కెమెరా కొన్నది మొన్న మంగళవారం సాయంత్రం, క్లాసులో చేరిన ఆ నలుగురి ఫీజుతోనే."