రెండో ప్రశ్న

అణు వ్యర్థాలు పూడ్చే గొయ్యి మీద ఊరి అభిప్రాయం అడిగే సభ అది. వేదిక మీద కంపెనీ ఇంజినీరుగా కోడలు కూర్చుంటే, ఊరివాళ్ళ తరఫున బట్టలు కుట్టే అత్తగారు లేచింది.

“భయమేమీ లేదండీ,” అంది కోడలు మైకులో.

“అయితే గొయ్యికీ మా బావుల ఊటకీ మధ్య దూరమెంతో మీ రిపోర్టులో ఎందుకు రాయలేదమ్మా?”

కోడలు కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేసింది. ఈలల మధ్య సభ వాయిదా పడింది.

“ఇవాళ ఆ ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి,” అని జనం నవ్వుకున్నారు.

ఇంటికి రాగానే కోడలు తలుపు గడియపెట్టి, అత్తగారి మీద విరుచుకుపడింది.

“రెండో ప్రశ్న మింగేశారేం అత్తయ్యా? అసలు లొసుగంతా అందులోనే ఉంది!”

“నేనేం చెయ్యనే? నీ రాత కోడి గెలికినట్టుంది. ఈసారి పెద్ద అక్షరాలతో రాసివ్వు.”