పైడమ్మ కూత

ఒకప్పుడు మా జిల్లా కబడ్డీ జట్టు వస్తోందంటే మిగతా జిల్లాలు రెండో బహుమతి కోసం ఆడేవి. ఆ పేరంతా కూత వల్ల వచ్చింది. మావాళ్లు ఒక్క ఊపిరితో వెళ్లి, అదే ఊపిరితో తిరిగొచ్చి నడిగీత తాకేవాళ్లు.

ఇప్పుడు పసిబిడ్డ నుంచి ముసలివాళ్ల దాకా అందరి చేతికీ ఆరోగ్య కడియం ఉంది. ఊపిరి కాస్త ఆగితే అది అరుస్తుంది, ఆకాశంలోంచి అంబులెన్సు దిగుతుంది. అందుకని ఆడేవాళ్లు రెండుసార్లు "కబడ్డీ" అని, ఆగి గాలి పీల్చుకుంటున్నారు. అంపైర్లూ ఒప్పుకుంటున్నారు. మా జట్టు మొదటి ఆటకే ఇంటికొస్తోంది.

పాత కెప్టెన్ పైడమ్మకు ఒళ్లు మండింది. ఆదివారం గ్రౌండుకొచ్చి, తన కడియం తీసి, అది అరవకుండా పక్కన మేస్తున్న మేక కాలికి తొడిగింది.

"నన్ను పట్టండే, సూద్దాం" అంటూ కొంగు బిగించి కూతకు వెళ్లింది.

ఇప్పటి జట్టులో ఆడే నీలవేణి ఆమె మడమ దొరకబుచ్చుకుంది. మిగతా అమ్మాయిలు నడుం పట్టి పడేశారు. పైడమ్మ కూత ఆపకుండా గీతవైపు పాకింది. మొహం కందిపోయింది, గొంతు సన్నబడింది. గీత ఇంకా జానెడు దూరం ఉండగా అమ్మాయిలంతా చేతులు వదిలేశారు.

పైడమ్మ గీత తాకి లేచింది. "ఒగ్గీసినారేటే?"

"నీకు ఊపిరాడ్నేదు గదత్తా" అంది నీలవేణి ఏడుపు గొంతుతో. "బయమేసింది."

ఆట లెక్కన ఆమెను ముట్టుకున్నవాళ్లంతా అవుటే. పైడమ్మ ఆ మాట అనలేదు. మేక దగ్గరికెళ్లి కడియం తీసి, మళ్లీ చేతికి తొడుక్కుంది.