హైమవతి మోచేయి

అరవై ఏడేళ్ల హైమవతి రోజూ ఉదయం చూపులేని చెల్లెలు వకుళతో ఈతకొలనుకు వెళ్లేది. అక్క పక్కన ఈదుతుంటేనే వకుళకు ధైర్యం. ఆ ఊళ్లో అందరి చేతికీ ఓ పట్టీ ఉండేది. ఒంట్లో నొప్పి ఉంటే అదే కొలను గేటుకు చెప్పేసేది.

ఆ రోజు గేటు తెరుచుకోలేదు.

"మోచేతి స్నాయువు వాచిందమ్మా. ఆరు వారాలు ఈత వద్దు," అంది గేటు.

"నాకేం నొప్పి లేదు," అని హైమవతి అబద్ధమాడింది. పొద్దున కాఫీ గ్లాసు కూడా ఎడమచేత్తోనే ఎత్తింది.

కాపలాదారు సన్యాసిరావును బతిమాలింది.

"నా చేతిలో ఏముందమ్మగారూ? గేటుకు తాళాలు పీకేసి, ఈ పట్టీలు పెట్టి ఏడేళ్లయింది."

గేటు వకుళను మాత్రం రమ్మంది.

"ఆరు వారాలు మానేస్తే మళ్లీ భయం పట్టుకుంటుందక్కా," అంటూ వకుళ ఒక్కతే వెళ్లింది.

కొలను మధ్యలో ఆమె ఆగిపోయింది. అక్క కోసం పక్కకు చేయి చాపి నీళ్లను తడుముకుంది.

"ఇక్కడున్నానే!" ఇనుప జాలీ కంచె బయటినుంచి హైమవతి అరిచింది. నీళ్ల చప్పుడులో ఆ కేక వినబడలేదు.

సన్యాసిరావు నీళ్లలోకి దిగి వకుళను గేటు బయటికి తెచ్చాడు. వణుకుతున్న చెల్లెలి తల తుడవబోయింది హైమవతి. చేయి భుజం దాకా కూడా లేవలేదు.

"ఇలా ఇయ్యి," అని వకుళ తువ్వాలు తీసుకుని తనే తుడుచుకుంది.