పొయ్యి వెనక రంగు

చలికాచుకునే పింగాణీ పలకల పొయ్యిని ఆరుగురు కలిసి పక్కకు జరిపారు. కోట కట్టాక అది కదలడం అదే మొదటిసారి. వెనక గోడ బయటపడింది. దాని మీద పాచి ఆకుపచ్చగా, బాతు రెట్ట రంగు.

"ఇదే ఈ గది తొలి రంగు," అంది విబెకె. పాత రంగులు పరిశీలించడం ఆమె పని. పొయ్యి జరపాలని పట్టుబట్టింది కూడా ఆమే.

రాజకుటుంబపు వేసవి కోట అది. పునరుద్ధరణ ఎలా చేయాలో తేల్చడానికి కోపెన్‌హేగన్ నుంచి కమిటీ వచ్చింది. నియమం ఒకటే: ఏ గదికి మొదట ఏ రంగు ఉంటే మళ్ళీ అదే.

కోట నిర్వాహకుడు ప్రెబెన్ ముఖం చిట్లించాడు. వచ్చే వేసవిలో అతను రిటైరవుతాడు. వీడ్కోలు విందు ఈ భోజనశాలలోనే.

"ఈ రంగా! నేను చేరిన కొత్తలో ఓవె అని ఒక పెయింటర్ ఉండేవాడు. బూడిద రంగు వెయ్యమంటే గదంతా ఇదే పులిమాడు. పైగా 'పాత రంగు ఇదేనండీ' అని బుకాయింపు. 'ఒరే, నీకు కళ్ళెవడు పెట్టాడ్రా?' అన్నాను. పనివాళ్ళు పడీ పడీ నవ్వారు. వాడి చేతే మొత్తం గీకించి గెంటేశాను."

విబెకె నవ్వలేదు. ఓవె ఆమె తండ్రి. పెళ్ళితో ఇంటిపేరు మారింది కాబట్టి ప్రెబెన్‌కు ఆ సంగతి తెలియదు. ఆ రోజు తర్వాత చుట్టుపక్కల ఎవరూ ఓవెకు గోడ అప్పగించలేదు. ముప్పై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో హెరింగ్ తలలు కోశాడు. కూతురు ఈ చదువు చదివింది ఈ ఒక్క గది కోసం.

కమిటీ అధ్యక్షురాలు ఇంగెలిసె వంగి చూసింది. "ఇదీ ఆ ఓవె వేసిందే కాదుగదా?"

"భలేవారే! పొయ్యికీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు. చెయ్యే పట్టదు, బ్రష్షెలా పడుతుంది? మిగతా గోడలన్నీ లోపలి చెక్క తేలేదాకా నా కళ్ళముందే గీకించాను."

"ఆ మాట రాసిస్తారా?" అంది విబెకె.

"నిక్షేపంగా." రాసి సంతకం పెట్టాడు.

ఇంగెలిసె ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అంటే ఓవె చెప్పిందే నిజం. ఆయన అసలు రంగు వేస్తే మీరు గీకించారు. పైగా తరిమేశారు."

ప్రెబెన్ కాగితం కోసం చెయ్యి చాచాడు. ఇంగెలిసె దాన్ని మడిచి ఫైల్లో పెట్టింది.

"గదికి ఇదే రంగు. తలుపు పక్కన ఓవె పేరుతో ఇత్తడి ఫలకం. క్షమాపణ ఉత్తరం మీరే రాయాలి. ఫలకం మీద గుడ్డ తీసేదీ మీరే, మీ విందు రోజున."

"ఈ రంగు చూస్తూ అన్నం ఎలా తినాలండీ?"

"కళ్ళు మూసుకోండి," అంది విబెకె.

అక్కణ్ణుంచి నేరుగా వృద్ధాశ్రమానికి వెళ్ళింది. ఓవె కిటికీ దగ్గర ఉన్నాడు. ఒళ్ళో స్ట్రాబెర్రీల గిన్నె. అంతా విన్నాడు.

"వాడే రాశాడా? తన చేత్తో?"

"తన చేత్తోనే నాన్నా."

"ఊఁ." గిన్నె ఆమెకు అందించాడు. "వీటిలో పండినవేవో ఏరిపెట్టవే. ఎరుపేదో పచ్చేదో నాకెప్పుడూ తెలిసి చావదు."

ఆ సాయంత్రం విబెకె ఇంటి షెడ్డులోంచి తండ్రి పాత బ్రష్ ఒకటి తీసి మంటలో వేసింది. రెండు వేళ్ళ సందులోకి దూరేలా ఆయన అప్పట్లో దాని పిడి వంచుకున్నాడు, కుచ్చు మొదట్లో బాతు రెట్ట రంగు ఇంకా గడ్డకట్టి ఉంది.