మధ్యాహ్నపు వంపు

మళ్ళీ వంగింది.

అమర్నాథ్ స్క్రీన్ మీది గీతను చూసి కళ్ళు మూసుకున్నాడు. పొద్దుటినుంచి తిన్నగా సాగిన గీత మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు పైకి వంగి, తర్వాత మెల్లగా దిగింది. నిన్నా అంతే. మొన్నా అంతే.

సౌదీలోని బురైదా ఖర్జూరం మార్కెట్ కోసం అతను డిజైన్ చేసిన తూకం మిషన్ అది. అందులోని రిఫరెన్స్ చిప్ ఎంత ఎండలోనైనా రెండున్నర వోల్టులు కదలకుండా ఇవ్వాలి. అది కదిలితే తూకం అబద్ధమాడుతుంది. అందుకే బోర్డును ఒకే వేడిలో ఉంచే పెట్టెలో పెట్టి, వైర్లు బయటికి లాగి టేబుల్ మీది మీటరుకు కలిపారు; అది కొలిచిన వోల్టులే స్క్రీన్ మీది గీత. సరిగ్గా కొలవాలంటే మీటరుకు చల్లదనం కావాలని ఆ రేకుల షెడ్డులో ఆ ఒక్క గదికే ఏసీ. అందరూ భోజనాలకు పోయినా మీటరు తన పాటికి తాను కొలుస్తూనే ఉంటుంది.

“డూప్లికేట్ చిప్పులు కొన్నావా ఖాదర్?”

“రియాద్‌లో అంగడంగడీ తిరిగి అసలువే తెచ్చినా సార్,” అన్నాడు కడప నుంచి వచ్చిన టెక్నీషియన్ ఖాదర్. “నా బిడ్డల మీద ఒట్టు.”

ఖాదర్ జాగ్రత్త మనిషి. ఎవరో వదిలేసిన కుళాయి కట్టేసి, ఎవరో మరచిన లైటు ఆర్పిగానీ గడప దాటడు. అలాంటివాడు మోసపోతాడా? కానీ గీత కళ్ళెదుటే వంగుతోంది.

మేనేజర్ నౌమాన్‌కు ఓపిక అయిపోయింది. “డిజైన్ తప్పా, చిప్ తప్పా? ఒక్క మాట చెప్పు అమర్ భాయ్. నువ్వు ఈ దేశంలో ఉండే ఇఖామా రెన్యువల్ కూడా నా టేబుల్ మీదే ఉంది.”

అమర్నాథ్ లెక్కలన్నీ మళ్ళీ చూశాడు. తప్పు దొరకలేదు. వాదించే సత్తువా లేదు.

“చిప్పే,” అన్నాడు.

ఖాదర్‌కు ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఇక ఇంటికే. “మీరన్నా నమ్మండి సార్,” అన్నాడు వెళ్తూ. గురువారం విమానం ఎక్కించేశారు.

ఆదివారం ఆ సీట్లోకి జగిత్యాల భోజన్న వచ్చాడు. ఆ రోజే రావలసిన కొత్త చిప్పులు వేసి పరీక్ష పెట్టమని చెప్పి అమర్నాథ్ భోజనానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి గీత తాడు లాగి కట్టినట్టుంది. ఎక్కడా వంపు లేదు. నౌమాన్‌కు ఫోన్ చేసి చెప్పి, ఎన్నాళ్ళకో కుర్చీలో వెనక్కి వాలాడు.

“కొత్త చిప్పులు గట్టివే భోజన్నా.”

“అవి ఇంకా కస్టమ్స్‌లనే ఉన్నయి సార్, ఖాళీగ ఉండుడెందుకని ఖాదర్ భాయ్ పాత చిప్పుల బోర్డే పెట్టిన, కాకపోతె తను నమాజుకు పోతు రోజు చేసినట్టే ఏసీ బంద్ చేసి పొమ్మని ఆయన ఫోన్ల చెప్పిండు, నేనే మర్చిపోయిన.”