దిగుమతైన కన్నీళ్ళు

“‘కోపమంటే సముద్రం పోటు. పాటు వచ్చేదాకా గట్టు మీదే కూర్చుంటాను.’ ఎంత బాగా అన్నాడండీ ఆ కొరియా అబ్బాయి!” గుడివాడ శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ సత్యవతి కళ్ళొత్తుకుంది.

శేషగిరికి ఒళ్ళు మండింది. నిరుడు వారపత్రిక మూతపడేదాకా, అందులో తను రాసే సీరియల్ చదివి ఆవిడ ఇదే బల్ల దగ్గర కళ్ళొత్తుకునేది. ఇప్పుడు పత్రికల స్టాండు ఖాళీ. వచ్చిన ఆడవాళ్ళందరి నోటా ఫోన్లో చూసిన కొరియా సీరియలే.

“ఒప్పందాల పేరు చెప్పి కార్లొచ్చాయి, క్రీములొచ్చాయి. కన్నీళ్ళు కూడా అక్కణ్ణించే దిగుమతి చేసుకోవాలా?”

“కథ వాళ్ళదైతేనేం మాస్టారూ, డబ్బింగ్‌లో తెలుగు మనదేగా! మీ సీరియల్ కన్నా...” సత్యవతి నాలిక కరుచుకుంది.

ఇంటికెళ్ళగానే ఆ సీరియల్ పెట్టమన్నాడు. భార్య శారదాంబ తన ఫోన్లో పెట్టి ఇచ్చింది. విన్నాడు. బాగుంది. అదే భరించలేకపోయాడు.

“ఎలా ఉందండీ?”

“చెత్త! కథ చచ్చినా మాట బతికిందనుకుంటున్నాడు, రాసినవాడెవడో.”

శారదాంబ వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది.

గ్లాసు అందుకుంటుంటే తట్టింది. సముద్రం వెనక్కి తగ్గితే పుస్తకాల్లో ‘ఆటు’ అని రాస్తారు. ‘పాటు’ అనేది దివిసీమ రేవుల్లో. ఆ వైపు నుంచి కలం పట్టినవాడు తనకి తెలిసి ఒక్కడే. నాగాయలంకలో పుట్టి బందరులో స్థిరపడ్డ శారదాంబ అన్నయ్య, కాంతారావు.

మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కాడు. గుమ్మంలోనే అడిగేశాడు.

“కొరియావాడికి మాటలు అరువిస్తున్నావటగా బావా?”

“ముందు కూర్చోండి బావగారూ. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి. నేను రాయడం లేదు.”

“బుకాయించకు! ‘పాటు’ అన్న మాట మీ ఊరివాళ్ళకి తప్ప ఎవరికి తోస్తుంది?”

“డబ్బింగ్ కంపెనీవాళ్ళు ముందు నన్నే అడిగారు. నాకు చూపు ఆనడం లేదని మీ ఇంటి నంబరిచ్చాను.”

శేషగిరి మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. అంటే సత్యవతి కన్నీళ్ళన్నీ తనకి రావలసినవేనా?

“మరి నాకు ఫోనే రాలేదే!”

“వచ్చింది. ఫోన్ తీసినవాళ్ళే రాస్తున్నారు.”

“ఎవరు తీశారు?”

“మా చెల్లాయి.”